పెద్దాయన తుపాకీకి ఊతకర్రలు

ఆ రోజుల్లో ఇంజనీరింగ్ చదివినవాళ్ళకి ఒక జబ్బు ఉండేది. (ఇప్పుడూ ఉందేమో నాకు తెలియదు. ఇప్పటి పిల్లలు ఏ వస్తువునీ విప్పి చూస్తున్నట్టు లేదు.) ఎక్కడ ఏది ఊగినా, వణికినా, కిర్రుమన్నా అది మనం వచ్చి బాగుచేస్తామనే ఊగుతోందని అనుకోవడం ఆ జబ్బు లక్షణం. హోటల్లో టేబుల్ కదిలితే తినడం మానేసి దాని కాలి కింద కాగితం మడిచి పెట్టేవాళ్ళం. ఎనభైల మొదట్లో, మిచిగన్ ఉత్తరాన, ఏడాదిలో సగం రోజులు మంచు కిందే ఉండే ఒక చిన్న యూనివర్సిటీ ఊళ్ళో నేను మెకానికల్‌లో ఎమ్మెస్ చేస్తున్నప్పుడు ఆ జబ్బు నాకు బాగా ముదిరి ఉంది. పైగా నా థీసిస్ కంపనాల మీద. యంత్రాలు ఎందుకు వణుకుతాయి, వణక్కుండా ఉండాలంటే ఏం చెయ్యాలి అన్నది విషయం. అలాంటివాణ్ణి, మా ఇంటి ఓనరు చెయ్యి వణకడం చూసి ఊరుకోగలనా?

ఓనరుని మేం పెద్దాయన అనేవాళ్ళం. రోడ్ల మీద మంచు తోసే బండి నడిపి రిటైరైన మనిషి. భార్య పోయాక కింది భాగంలో ఒక్కడే ఉంటూ, పై భాగం ముగ్గురు తెలుగు కుర్రాళ్ళకి అద్దెకిచ్చాడు. ముగ్గురిలో నేనొకణ్ణి. రెండోవాడు శాస్త్రి. అసలు పేరు అది కాదు, చదివేది కంప్యూటర్లు, కానీ కోనసీమ నుంచి వస్తూ పెట్టెలో బట్టలకంటే ఎక్కువ శాస్త్రం తెచ్చుకున్నాడని ఆ పేరు పెట్టాం. మూడోవాడు వరంగల్ అబ్బాయి, ఎప్పుడూ మెడలో కెమెరా వేలాడుతూ ఉండేది కాబట్టి వాడి పేరు కెమెరా. మేం పైన పోపు పెడితే పెద్దాయన కింద తుమ్మి, చీపురుకర్రతో సీలింగు మీద రెండు పోట్లు పొడిచేవాడు. మొదట్లో తిడుతున్నాడనుకుని కిటికీలన్నీ తీసి చలికి చచ్చేవాళ్ళం. తర్వాత తెలిసింది, ఆ పోట్లకి అర్థం ఒక గిన్నెలో కాస్త కిందికి పంపమని.

ఆ వసంతంలో ఆయనకి చిన్న స్ట్రోక్ వచ్చింది. మాట, నడక బాగానే ఉన్నాయి గానీ ఎడం చెయ్యి మాత్రం వణికేది. ఆ ఊళ్ళో నవంబరులో జింకల వేట మొదలయ్యే రోజంటే మామూలు రోజు కాదు, బడికి కూడా సెలవిచ్చేవారు. పెళ్ళి కాకముందు నుంచీ పెద్దాయన ఆ రోజు ఇంట్లో ఉండి ఎరగడు. తుపాకీ గొట్టాన్ని కింద నుంచి మొయ్యాల్సింది ఎడం చెయ్యి. మూడు గంటల దూరంలో ఇన్సూరెన్స్ పాలసీలు అమ్ముకునే ఆయన కొడుకు (ప్రమాదాల గురించే రోజంతా ఆలోచించే మనిషి) ఇక వేట మానెయ్యమన్నాడు. తండ్రి వినలేదు. చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. వేటకి ముందు ఒక శనివారం ఊరి బయట కంకర గోతి దగ్గర, వంద గజాల దూరంలో ఒక కాగితం పళ్ళెం నిలబెడతారు. పెద్దాయన ఐదు గుళ్ళు కాల్చాలి. మూడు పళ్ళేనికి తగిలితే అడవికి వెళ్ళచ్చు. లేకపోతే తుపాకీ కొడుకు కారెక్కి వెళ్ళిపోతుంది.

నేను పెరట్లో ఆకులు ఊడుస్తుండగా ఈ సంగతంతా ఆయనే చెప్పాడు. చెప్పి, "అడవికి వెళ్ళకపోతే నవంబరులో నేనేం చెయ్యాలి, కిడ్? కిటికీలోంచి చూస్తూ కూర్చోవాలా?" అన్నాడు. ఆయన మమ్మల్ని ముగ్గురినీ కిడ్ అనే పిలిచేవాడు. ఆ మాట నవ్వుతూనే అన్నాడు గానీ నేను చీపురు పక్కన పడేశాను. వెంటనే, మీ తుపాకీకి నేను స్టాండు చేసిస్తాను, అది మోస్తే మీ చేతికి పనే ఉండదు అని మాట ఇచ్చేశాను. ఆయన తల నుంచి కాళ్ళ దాకా నన్నోసారి చూశాడు. "నా థర్మాస్ ఫ్లాస్కు కంటే బరువుంటే అది ఇంట్లోనే ఉంటుంది. అడవిలో చప్పుడు చెయ్యకూడదు. ఒక్క చేత్తో తెరుచుకోవాలి. అది సరే, నువ్వెప్పుడైనా తుపాకీ పట్టుకున్నావా?"

పట్టుకున్నాననే చెప్పాను. అబద్ధం కాదు. కాలేజీలో ఆదివారం పెరేడ్లకి వెళ్ళే రోజుల్లో మమ్మల్ని ఒకసారి ఫైరింగుకి తీసుకెళ్ళారు. ఇసకబస్తా మీద తుపాకీ పెట్టి, దాని వెనక బోర్లా పడుకోబెట్టి, తలా ఐదు గుళ్ళు ఇచ్చారు. నావి ఎటు పోయాయో తెలియదు గానీ, నా పక్కవాడికి ఐదు గుళ్ళకి ఆరు చిల్లులు వచ్చి బహుమతి ఇచ్చారు. నా యుద్ధవిద్య అంతా అంతే. దాని ఫలితంగా నా బుర్రలో ఒక అభిప్రాయం గట్టిగా నాటుకుంది. తుపాకీ అనేది పడుకుని కాల్చే వస్తువు. మంచం మీద కూర్చుని నిద్రపోవడం ఎలా కుదరదో, నిలబడి తుపాకీ కాల్చడం కూడా అలాగే కుదరదని నా నమ్మకం.

అందుచేత హార్డ్‌వేర్ షాపుకెళ్ళి, గొట్టం కింద బిగించే రెండు కాళ్ళ స్టాండు తెచ్చాను. మడిస్తే మడుచుకుంటుంది, ఫ్లాస్కు కంటే తేలిక, చప్పుడు లేదు. పెద్దాయన దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఇంత పొట్టిగా ఉందే" అన్నాడు. మీరు పడుకోవాలి కదా అన్నాను. ఆయన ఏదో అనబోయి, కుర్రవాడు ముచ్చటపడుతున్నాడని కాబోలు, ఖాళీ తుపాకీతో పెరట్లో మంచుపట్టిన ఆకుల మీద బోర్లా పడుకున్నాడు. స్టాండు మాత్రం అద్భుతం, గొట్టం వెంట్రుకవాసి కూడా కదల్లేదు. "ఏం కనిపిస్తోంది?" అని అడిగాను. "గడ్డి" అన్నాడు. ఇంకాస్త తల ఎత్తి చూడమన్నాను. "ఎత్తే చూస్తున్నాను. గడ్డే" అన్నాడు. పోనీ లేవండి అన్నాను. అప్పుడు బయటపడింది అసలు సంగతి. పడుకోవడమైతే పడుకున్నాడు గానీ లేవడం ఆయన వల్ల కాలేదు. నేనొక్కణ్ణీ లేపలేక పైకి కేక వేస్తే శాస్త్రీ కెమెరా పరుగెత్తుకొచ్చారు. ఒకడు చంకల కింద, ఇద్దరం కాళ్ళ దగ్గర పట్టి లేపుతుంటే, పక్కింటావిడ వంటింటి కిటికీలోంచి చూసింది. ఆవిడకి కనిపించినది ముగ్గురు ఇండియన్లు ఒక ముసలాయన్ని మోసుకుపోవడం, పక్కన ఒక తుపాకీ పడి ఉండడం. పాపం, తన ధర్మంగా ఆయన కొడుక్కి ఫోన్ చేసింది. పరీక్ష వచ్చే శనివారానికే అని రాత్రికల్లా కబురొచ్చింది.

అంటే నాకు మిగిలింది ఒక్క వారం. నేను కంగారుపడి, సివిల్ డిపార్ట్‌మెంట్ నుంచి సర్వే చేసే ముక్కాలి స్టాండు అరువు తెచ్చాను. భూకంపం వచ్చినా కదలదు. పెద్దాయన దాన్ని భుజాన వేసుకుని గరాజు దాకా నడిచి, దించి, "జింకని కాలుస్తామా, దాని పొలం కొలుస్తామా?" అని అడిగాడు. వెనక్కిచ్చేశాను. ఆ తర్వాత నా కన్ను మా కెమెరాగాడి ఫొటో స్టాండు మీద పడింది. అది తేలిక, సన్నటి కాళ్ళు, మెడ కూడా తిరుగుతుంది. వాడు క్లాసులో ఉన్న టైమ్ చూసి తీసుకెళ్ళాను. తుపాకీ పెట్టగానే గడ్డకట్టిన నేల మీద కాళ్ళు మూడూ మూడు దిక్కులకి జారి, స్టాండు నెమ్మదిగా సాష్టాంగపడింది. ఒక కాలు వంకరపోయింది. సాయంత్రం వాడికి చూపిస్తే, ఆ వంకర కాలిని మోకాలికి ఆనించి సరిచెయ్యబోయాడు. తర్వాత, "గిది ఫొటోల కోసం కొన్న అన్నా. తుపాకులకు గాదు. నువ్వు థీసిస్ రాస్తున్నవ్ గదా, గది రాసుకో" అన్నాడు. వాడు ఆ సెమిస్టరంతా తీసిన ఫొటోల్లో మనుషులు కాస్త పక్కకి ఒరిగి ఉండేవారు.

శాస్త్రి గొడవ ఇంకోరకం. వాడికి మొత్తం వ్యవహారమే నచ్చలేదు. "ఒరేయ్, పాపం చేసినవాడికీ, చేయించినవాడికీ, ఎగదోసినవాడికీ, సరే అన్నవాడికీ సమానంగా వాటాలుంటాయి. ఆయన చంపితే చంపుకుంటాడు, అది ఆయన ధర్మం. మధ్యలో నీకెందుకురా?" అనేవాడు. స్టాండు చేసినవాడి పేరు ఆ జాబితాలో లేదు కదా అని నేను వాదించేవాణ్ణి. "అప్పట్లో స్టాండులు లేవు కాబట్టి రాయలేదు" అని వాడి జవాబు. గురువారం పొద్దున ఈ చర్చ జరుగుతుండగానే వాడు స్నానం చేసి వచ్చి, వ్యాసపీఠం తెరిచి దాని మీద పుస్తకం పెట్టుకుని పారాయణకి కూర్చున్నాడు. రెండు చెక్కలు ఒకదానిలోంచి ఒకటి దూరి కత్తెరలా విచ్చుకుని, అంత లావు పుస్తకాన్ని ఒళ్ళో బిడ్డలా పట్టుకుని ఉంది. చిన్నప్పటినుంచీ చూస్తున్నదే. కానీ ఆ పూట నాకు అందులో పుస్తకం కనబడలేదు, తుపాకీ కనబడింది.

వాడు కాలేజీకి వెళ్ళేదాకా ఆగి, పుస్తకం పక్కన పెట్టి, పీఠం మీద చీపురుకర్ర ఆనించి ఒక కన్ను మూసి గురి చూశాను. ఎంత బాగా కూర్చుందంటే, మర్చిపోయిన నోటుబుక్కు కోసం శాస్త్రి వెనక్కి రావడం కూడా నాకు వినబడలేదు. వాడు చీపురు తీసి బయటపెట్టి, పీఠాన్ని పసుపునీళ్ళతో కడిగి, తుడిచి, ఎండ లేని ఆ ఊళ్ళో ఎండ కోసం కిటికీ దగ్గర పెట్టి, అప్పుడు అన్నాడు, "ఇప్పుడు పాపంలో నాకూ వాటా పెట్టావు." మనసు చివుక్కుమంది గానీ ఆగే స్థితిలో లేను. కిందికి పరుగెత్తి, తేలికైన కర్రలు రెండు కావాలి అని పెద్దాయన్ని అడిగాను.

గరాజు గోడకి మేకు మీద మంచు మీద జారేవాళ్ళు పట్టుకునే స్కీ కర్రలు ఒక జత వేలాడుతున్నాయి. అల్యూమినియంవి, బోలుగా ఉండి గాలిలా తేలిక. కొసన మంచులోకి దిగే ములుకులు, మరీ లోతుకు దిగిపోకుండా కాస్త పైన గుండ్రటి చట్రాలు. నేను చెయ్యి చాచేసరికి ఆయన "అవి ఆవిడవి" అన్నాడు. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆయన వాటి మీద దుమ్ము చేత్తో తుడిచాడు. "వేటంటే ఆవిడకి అసలు గిట్టదు. పోయాక కూడా నా తుపాకీ మోయిస్తున్నానని తిడుతుంది" అని, తనే తీసి నా చేతుల్లో పెట్టాడు. వాటిని కత్తెరలా పెట్టి, పాత సైకిలు ట్యూబు ముక్క కోసి చుట్టి కట్టాను. (మన దేశంలో సైకిలు ట్యూబుతో కట్టలేనిది లేదు. కట్టెల మోపు నుంచి లారీ సైలెన్సరు దాకా అన్నీ దాంతోనే.) గొట్టం ఆనేచోట చప్పుడు కాకుండా నా పాత మేజోడు తొడిగాను. పెద్దాయన ఒక బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని, కర్రలు ఒక్క చేత్తో విదిలించి నాటి, తుపాకీ ఆనించాడు. రెండు కాళ్ళు కర్రలవి, మూడో కాలు కాల్చేవాడి భుజం, మూడు కాళ్ళున్నది ఎక్కడైనా నిలుస్తుంది, అదే దీని సూత్రం అని నేను వివరిస్తుంటే, ఆయన గురి మీద నుంచి కన్ను తియ్యకుండా, "క్లాసు అయిపోతే చెప్పు, నేనింక కదలాలి" అన్నాడు.

శనివారం కంకర గోతి దగ్గర కొడుకు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మర్యాదస్థుడే, నాతో చెయ్యి కలిపాడు గానీ, ఆ కర్రల్ని చూసిన చూపులో ప్రీమియం రెట్టింపు చేసినట్టే కనిపించింది. మొదటి గుండు పళ్ళేనికి తగల్లేదు.  ఆ సమయంలో నేను జింకల గురించి గానీ పాపం గురించి గానీ ఆలోచించలేదు, ఆయన ఆ కిటికీ దగ్గర కూర్చుని ఉండడం ఒక్కటే కళ్ళ ముందు కనిపించింది. రెండోది తగిలింది. మూడోదీ తగిలింది. నాలుగోది మళ్ళీ గాల్లోకి పోయింది. ఐదో గుండుకి ఆయన చాలాసేపు తీసుకున్నాడు. కాల్చాక ముగ్గురం పళ్ళెం దగ్గరికి నడిచాం. గుండు అంచుని ఎలక కొరికినట్టు కొరికి పోయింది. కొడుకు పళ్ళేన్ని వెలుతురుకి పట్టుకుని చూస్తుంటే, తండ్రి "అంచు పళ్ళెం కాదా?" అన్నాడు. కొడుకు ఆ మాటకి నవ్వాడు. నవ్వి, "సరే డాడ్. కానీ ఒంటరిగా మాత్రం వద్దు. ఆ రోజు నాకు ఆఫీసు ఉంది. ఈ అబ్బాయి మీతో వస్తాడు" అన్నాడు. ఇందులో నన్ను అడిగినవాళ్ళెవరూ లేరు.

లాబ్ ఉందని తప్పించుకుందామని ప్రొఫెసర్ దగ్గరికి వెళితే ఆయన గదికి తాళం వేసి ఉంది. ఆయనా అడవికే పోయాడు. ఇక దారి లేదు. దూరం నుంచి చూసి జింక అనుకుని ఎవరూ కాల్చకుండా మెరిసే నారింజరంగు కోటు వేసుకోవాలి అక్కడ. నేను ఆ కోటు వేసుకుని, మంకీ కాప్ పెట్టుకుని, కర్రలు చేతబట్టి మెట్లు దిగుతుంటే శాస్త్రి చూసి, "కాషాయం కట్టి, దండం పట్టి, వేటకి వెళ్ళే సన్యాసిని నిన్నే చూశాన్రా" అన్నాడు.

తెల్లవారకముందే వెళ్ళి ఒక పడిపోయిన చెట్టు మాను వెనక కూర్చున్నాం. ఆ చలి సంగతి నేను చెప్పలేను. కాళ్ళు ఉన్నాయో లేవో చూసి తెలుసుకోవాల్సిందే. మాట్లాడకూడదు, దగ్గకూడదు, కాలు మార్చకూడదు. పెద్దాయన మాత్రం ఇంటికొచ్చినవాడిలా హాయిగా కూర్చున్నాడు. వసంతం తర్వాత ఆయన ముఖం అంత తేటగా ఉండడం నేను చూడలేదు. బాగా పొద్దెక్కాక దేవదారు చెట్ల మధ్యనుంచి ఒక మగ జింక బయటికొచ్చి, తల ఎత్తి నిలబడింది. పెద్దాయన కర్రలు నాటి, తుపాకీ ఆనించాడు. చూస్తే గొట్టం కొస ఊగుతోంది. వారంలో నేను నేర్చుకున్నదంతా మర్చిపోయి, భక్తి కొద్దీ ముందుకి వంగి, కర్రలు కలిసే చోట రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. ఊగడం ఇంకా పెరిగింది.

"కిడ్, చెయ్యి తియ్యి" అని గొణిగాడు.

రోషం కొద్దీ అంటున్నాడనుకుని ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

"కిడ్. వణుకుతున్నది నువ్వు."

చెయ్యి తీసేశాను. కర్రలు నిలబడ్డాయి. గుండు పేలింది. జింక రెండు అంగలు వేసి పడిపోయింది. నేను కళ్ళు మూసుకున్న మాట నిజమే, కానీ ఆయన చూడలేదు.

సాయంత్రం ఆఫీసు ముగించుకుని కొడుకు మూడు గంటలు డ్రైవ్ చేసుకుని వచ్చాడు. గరాజులో దూలానికి వేలాడుతున్న జింకని చూశాడు, తండ్రిని చూశాడు, ఆయన ఎడం చేతిని చూశాడు. "చేతులు ఎలా ఉన్నాయి డాడ్?" అని అడిగాడు. పెద్దాయన కాఫీ తాగుతూ, "చేతులా, దారుణంగా వణికాయి. ఈ అబ్బాయివి. మంచివాడే, కానీ వచ్చే ఏడు వీణ్ణి తీసుకెళ్ళను. ప్రమాదం" అన్నాడు. కొడుకు తల తిప్పి నా చేతుల వైపు చూసిన ఆ చూపు, కంకర గోతి దగ్గర తండ్రిని చూసిన చూపే. నాకు ఒళ్ళు మండిపోయింది. కంపనాల మీద థీసిస్ రాస్తున్నవాణ్ణి, స్టాండు చేసినవాణ్ణి, ఆ కేసులో చివరికి ముద్దాయిని నేనయ్యాను. పైకి వెళ్ళి శాస్త్రికి చెప్పుకుంటే, వాడు చాలాసేపు ఆలోచించి, కాల్చేముందు చెయ్యి తీసేశావు కాబట్టి వాటా బహుశా నీకు రాదు అని తేల్చి, ఉప్మా పెట్టాడు. అంతకంటే ఓదార్పు దొరకలేదు. మరుసటి నవంబరులో పెద్దాయన ఒక్కడే వెళ్ళాడు. కొడుకు అభ్యంతరం చెప్పలేదు. ఆ పై నవంబరు కూడా.

ఇప్పుడు నేను చాండ్లర్ అనే ఎడారి ఊళ్ళో, మంచు అన్న మాటే తెలియని ఎండలో, రిటైరై కూర్చున్నాను. మొన్న మా అమ్మాయి పిల్లలతో వచ్చింది. నాకు కాఫీ తెచ్చి ఇచ్చి, కప్పు మీద నుంచి తన చెయ్యి తియ్యలేదు. "నాన్నా, ఐ గాట్ ఇట్. నేను పట్టుకుంటా" అంది. సాసర్లో కప్పు టకటకమంటోంది. వణికే చెయ్యి ఇద్దరిలో ఎవరిదో చెప్పడానికి థీసిస్ అక్కర్లేదు. "చెయ్యి తియ్యమ్మా. వణుకుతున్నది నువ్వు" అన్నాను. అది నమ్మేసింది. తన చేతుల వైపు చూసుకుంది. అప్పుడు గానీ నాకు అనుమానం రాలేదు, ఆ రోజు అడవిలో నేను నిజంగా వణికానా అని.